మీకు తెలుసా? రికార్డు ప్లేయర్‌కు చోటు చూపించాల్సింది గోడ, ప్లగ్గు కాదు

ఎల్పీ రికార్డులు మళ్లీ ఇళ్లకు చేరుతున్నాయి. అమెరికాలో 2022లో సీడీల కన్నా ఎల్పీలే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మన దగ్గరా తాతగారి పెట్టెలోంచి ఘంటసాల భగవద్గీతనో, దానవీరశూరకర్ణ డైలాగుల రికార్డునో బయటికి తీసి, వాటి కోసమే ప్లేయర్ కొనుక్కునేవాళ్లున్నారు. ఏ ప్లేయర్ కొనాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. తెచ్చాక ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. ప్లగ్గు ఎక్కడుంటే అక్కడ, వైరు ఎంతవరకు అందితే అంతవరకు. ఎక్కువ ఇళ్లలో చోటు ఖాయమయ్యేది ఇలాగే. అది తలకిందుల లెక్క. ముందు ఇంట్లో కదలని చోటు వెతకాలి, తర్వాతే వైర్ల సంగతి. ఆ వైర్లలోనూ పొడిగించదగ్గవి కొన్ని, పొడిగించకూడనివి కొన్ని. హైదరాబాద్‌లోని బోరబండ లాంటి చోట, చిన్న స్థలాల్లో మూడు నాలుగు అంతస్తులు లేచిన ఇళ్లలో, ఈ తేడా చెవికి బాగానే తెలుస్తుంది.

గాడి వెడల్పు తల వెంట్రుకంత

ఎల్పీలో ఒక వైపు ఉండేది ఒకే ఒక గాడి. 20 నిమిషాల వైపులో ఆ గాడిని సాగదీస్తే సుమారు 430 మీటర్లు వస్తుంది. వెడల్పు మాత్రం 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. పాట ఉండేది గాడి గోడల వంపుల్లో. గొంతు తగ్గించి పాడిన చోట ఆ వంపు ఒక మైక్రాన్‌లో కొద్ది భాగమే. ముల్లు కొలిచేది తనకీ రికార్డుకీ మధ్య కదలికను. ఆ కదలిక గాయకుడి గొంతు వల్ల వచ్చిందా, పక్కగదిలో మంచం జరపడం వల్ల వచ్చిందా అన్న విచక్షణ దానికి లేదు. రెండింటినీ కరెంటుగా మార్చి పంపేస్తుంది.

పాత గ్రామఫోనుకు ఈ బాధ లేదు

కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనులో సౌండ్ బాక్సు, సూది కలిసి రికార్డు మీద మోపే బరువు వంద గ్రాములకు పైమాటే. నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే ఆ లక్క రికార్డులు ఆ బరువును మోశాయి. నాటకాల వాళ్ల పద్యాలు పందిట్లో పెట్టినా, అరుగు మీద పెట్టినా సూది గాడి వదలకుండా నడిచింది. 1948లో కొలంబియా కంపెనీ 33⅓ వేగంతో తిరిగే ఎల్పీ తెచ్చాక గాడి సన్నబడింది, ముల్లు తేలికపడింది. ఈనాటి మామూలు కార్ట్రిడ్జ్, అంటే ముల్లు బిగించి ఉండే ముక్క, మోపే బరువు 2 గ్రాముల దగ్గర ఉంటుంది. రికార్డు అరుగుదల తగ్గింది, ధ్వని విప్పారింది. ఇంటి కదలికలన్నీ వినపడటం కూడా అప్పుడే మొదలైంది.

ఆంప్లిఫయరే కుదుపును పెంచుతుంది

రికార్డు చెక్కేటప్పుడు మంద్రధ్వనులను కావాలని తగ్గించి, తారధ్వనులను పెంచి చెక్కుతారు. లేకపోతే మృదంగం మోతకు గాడి పక్క గాడిలోకి పొర్లిపోతుంది. వినిపించేటప్పుడు ఆంప్లిఫయర్ ఆ లెక్కను తిరగేస్తుంది. 1954 నుంచి పరిశ్రమ అంతా వాడుతున్న ఈ లెక్క పేరు ఆర్ఐఏఏ. దాని ప్రకారం సెకనుకు 1000 కంపనాలతో, అంటే 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర ధ్వని సుమారు 9 రెట్లు పెరుగుతుంది, 50 హెర్ట్జ్ దగ్గర 7 రెట్లు. ఇంట్లో పుట్టే కంపనాలు చాలావరకు ఈ కింది మెట్టులోనే ఉంటాయి. అంటే ఏది తగ్గాలని మనం కోరుకుంటామో సరిగ్గా అదే పెరిగి వస్తుంది. చోటుకు ఇంత ప్రాధాన్యం ఎందుకని అడిగితే, నా మటుకు ఈ ఒక్క సంగతే చాలు.

మీ ఇంట్లో ఏ యంత్రం ఎన్ని హెర్ట్జ్?

నిమిషానికి ఎన్ని చుట్లో తెలిస్తే 60తో భాగించండి, హెర్ట్జ్ వస్తుంది. బట్టలు పిండేటప్పుడు 1200 చుట్లు తిరిగే వాషింగ్ మెషిన్ 20 హెర్ట్జ్. 350 చుట్ల సీలింగ్ ఫ్యాను 6కు కాస్త తక్కువ. మేడ మీది ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు 2850 చుట్ల దగ్గర తిరుగుతుంది కాబట్టి 48కి కొంచెం తక్కువ. మామూలుగా నడిచే మనిషి అడుగులు సెకనుకు రెండు. వంగిపోయిన రికార్డు తన వంపును చుట్టుకొకసారి, అంటే 0.55 హెర్ట్జ్ దగ్గర చూపిస్తుంది. మిక్సీ గోల 300 హెర్ట్జ్ పైన ఉంటుంది. చెవికి బాధే గాని, ముల్లుకు అంత కీడు చేయదు. అసలు శత్రువులు వాషింగ్ మెషిన్, మోటారు, అడుగులు. వాటిలో అడుగులది మరీ గడ్డు సమస్య. ఎందుకో కింద స్ప్రింగుల దగ్గర వస్తుంది.

1874 నాటి రైలుదారి, 250 కోట్ల ఏళ్ల రాయి

ఇంటి బయటి కంపనాల సంగతికొస్తే, బోరబండ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషను హైటెక్ సిటీకీ భరత్‌నగర్‌కీ మధ్య ఉంటుంది. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు ఇక్కడ నడిచేది నిజాం కాలంలో, 1874లో తెరిచిన వాడి–సికింద్రాబాద్ మార్గం మీద. దూరప్రాంతపు రైళ్లూ, గూడ్సు బండ్లూ ఇదే దారిలో వెళ్తాయి. రైలు వల్ల నేలలో పుట్టి మన ఒంటికి తెలిసే కంపనం సాధారణంగా 1 నుంచి 80 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. హైదరాబాద్ నిలబడ్డది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద. గట్టి రాయి మెత్తటి మట్టిలా ఊగదు, అది మేలు. కానీ మట్టి మింగేసే వేగమైన కంపనాలను రాయి పెద్దగా మింగదు, దూరం మోసుకుపోతుంది. ఎక్కడో పునాది కోసం బండ పగలగొట్టే బ్రేకరు మోత నాలుగు వీధుల అవతల కాళ్లకు తెలియడం ఈ చుట్టుపక్కల కాలనీల వాళ్లకు అలవాటే.

కాబట్టి పట్టాలకు దగ్గరగా ఉన్న ఇంట్లో కింది అంతస్తులో, రాతి మీద నేరుగా కూర్చున్న నేల మీద పెట్టుకునే అవకాశం ఉంటే దాన్ని వదులుకోకండి. పై అంతస్తుల శ్లాబు కింది నేల కదలికకు తన ఊగుడు కూడా కలుపుతుంది.

భూకంపాలు కొలిచేవాళ్లు యంత్రాన్ని ఎక్కడ పెడతారు?

హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డులో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనం ఎన్‌జీఆర్‌ఐ అని పిలిచేది, 1961లో ఏర్పడింది. భూకంప లేఖినులు వాళ్లకు నిత్యం చేతిలో ఉండే పనిముట్లు. అలాంటి యంత్రాన్ని గది గచ్చు మీద పెట్టరు. కింద రాయి దాకా దిగిన దిమ్మె కట్టి, చుట్టూ గచ్చుకు తగలకుండా సందు వదిలి, ఆ దిమ్మె మీద కూర్చోబెట్టడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. గదిలో మనిషి నడిస్తే గచ్చు కదులుతుంది, దిమ్మె కదలదు. పెద్ద దూరదర్శినులకూ ఇదే ఏర్పాటు.

పాత భూకంప లేఖినిలో నేల కదిలితే ముల్లు తిరిగే కాగితం మీద గీత గీస్తుంది. రికార్డు ప్లేయర్‌లో గీసిన గాడి ముల్లును కదుపుతుంది. ఒకటి రాసే యంత్రం, ఇంకొకటి చదివే యంత్రం. రెండింటికీ కావలసింది మాత్రం నిలకడైన చోటే.

మరి ఇంట్లో దిమ్మె ఎక్కడిది? ఉంది. పాతికేళ్లు దాటిన తెలుగిళ్లలో చాలావాటికి 9 అంగుళాల ఇటుక గోడలో కట్టిన అరలుంటాయి. వాటిలో కడప బండలు గోడలోకి దూర్చి సిమెంటుతో బిగించి ఉంటాయి. ఇప్పుడు వాటిని పాతకాలపువని పగలగొట్టి, ప్లైవుడ్ వార్డ్‌రోబులు పెట్టిస్తున్నారు. రికార్డు వినేవాళ్లకు అంతకన్నా మంచి అర డబ్బు పెట్టినా దొరకదు. గచ్చు మీద అడుగులు పడితే ఆ కుదుపు గోడ దాకా వెళ్లి, గోడ బరువును కదిపి, అప్పుడు బండకు చేరాలి. చేరేసరికి పస తగ్గిపోతుంది. చూసుకోవలసినవి రెండే. అర లోతు 16 అంగుళాలకు తక్కువ కాకూడదు, ప్లేయర్ వెనక వైర్లు మడత పడకుండా వంగాలి కదా. అర మరీ పొడవుగా ఉంటే మధ్యలో కాకుండా, బండ గోడలో దిగిన కొసకు దగ్గరగా పెట్టాలి.

అలాంటి అర లేకపోతే గోడకు బ్రాకెట్లు వేయించుకోవచ్చు. గోడ ఏదో ముందు చూడండి. గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడ, కొత్త అపార్ట్‌మెంట్లలోని తేలికైన బ్లాకుల గోడ, ఆఫీసుల్లో వాడే జిప్సం బోర్డు గోడ వరసగా ఒకదాని కన్నా ఒకటి బలహీనం. బయటి గోడ, అదీ పిల్లరును ఆనుకుని ఉన్నచోటు, అన్నిటికన్నా నయం. గోడకు అవతలి వైపున బాత్రూం పైపులో, వాషింగ్ మెషినో ఉంటే మాత్రం ఆ గోడ వద్దు. అద్దె ఇంట్లో డ్రిల్లు వేయడానికి ఓనరు ఒప్పుకోకపోతే నేలమీదే పెట్టాలి. అప్పుడు గుర్తుంచుకోవలసింది ఇది: శ్లాబు ఎక్కువగా ఊగేది నడిమధ్యన, తక్కువగా ఊగేది బీముల మీద, పిల్లర్ల దగ్గర. గుమ్మం నుంచి వంటింటికి రోజూ నడిచే దారికి దూరంగా, పిల్లరుకు దగ్గరగా, పొట్టి బరువైన బల్ల వేయండి. ఇనప బీరువా నెత్తిన మాత్రం పెట్టకండి. ఎత్తైన సన్నని వస్తువు పైకొసన ఎక్కువ ఊగుతుంది.

2.5 మిల్లీమీటర్లు నొక్కుకునే రబ్బరు మంచిది కాదు

ప్లేయర్ కింద మెత్తటిది ఏదో ఒకటి పెడితే కంపనం పోతుందని చాలామంది నమ్మకం. ఇది సగమే నిజం. ఏ స్ప్రింగుకైనా, రబ్బరుకైనా సొంత ఊగుడు ఒకటి ఉంటుంది. ఆ వేగానికి సుమారు 1.4 రెట్లు దాటిన కంపనాలనే అది ఆపుతుంది. దానికి కిందివాటిని ఆపకపోగా, తన సొంత వేగం దగ్గర ఇంకా పెంచుతుంది.

ఆ వేగం తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. బరువు పెట్టినప్పుడు స్ప్రింగు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూసి, దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. 10 మిల్లీమీటర్లు కుంగితే 5 హెర్ట్జ్. 2.5 మిల్లీమీటర్లు కుంగితే 10 హెర్ట్జ్. రబ్బరులో అసలు సంఖ్య దీనికన్నా కొంత ఎక్కువే వస్తుంది.

ఇప్పుడు ఇంకో సంగతి. ముల్లు పట్టుకున్న టోన్‌ఆర్మ్‌కు కూడా సొంత ఊగుడుంది. తయారీదారులు దాన్ని 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండేలా చూస్తారు, ఎందుకంటే వంగిన రికార్డు కదలికలు దానికి కిందుంటాయి, సంగీతం పైనుంటుంది. కింద 10 హెర్ట్జ్ దగ్గర ఊగే రబ్బరు ముక్కలు, పైన 10 హెర్ట్జ్ దగ్గర ఊగే టోన్‌ఆర్మ్. రెండూ కలిశాయంటే గదిలో అడుగు పడగానే స్పీకరు గుండ్రని కాగితం ముందుకూ వెనక్కూ ఊగడం కళ్లకే కనిపిస్తుంది. ముందు బాగానే ఉండి, రబ్బరు కాళ్లు కొన్నాక చెడిందని బాధపడేవాళ్ల ఇంట్లో చాలాసార్లు జరిగేది ఇదే.

దారి రెండు వైపులా ఉంది. ఒకటి, మెత్తదనం జోలికి పోకుండా గట్టి గోడను నమ్ముకోవడం. రెండు, పూర్తిగా మెత్తగా చేసి ఊగుడును 3, 4 హెర్ట్జ్‌కు దించడం. రెండోదానికి చవకైన పనిముట్టు సైకిల్ ట్యూబు. కొద్దిగా గాలి కొట్టి, రెండు చెక్కల మధ్య పరిచి, పైన ప్లేయర్ పెట్టాలి. గాలి ఎక్కువైతే గట్టిపడుతుంది, ప్రయోజనం పోతుంది. ఇందులో చిక్కు కూడా ఉంది. మనిషి అడుగులు సెకనుకు రెండు కదా, అంత నిదానమైన ఊగుడును ఏ ట్యూబూ ఆపలేదు. పైగా మెత్తటి శ్లాబు మీద ట్యూబు పెడితే ప్లేయర్ పడవలాగా తేలుతుంది. వాషింగ్ మెషిన్, మోటారు, రైలు బాధ ఉంటే ట్యూబు. అడుగుల బాధ ఉంటే గోడ.

బరువు కలపడం కూడా పనిచేస్తుంది. గ్రానైటు దుకాణాల్లో వంటింటి గట్లు కోయగా మిగిలిన ముక్కలు అమ్ముతారు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క సుమారు 13.5 కిలోలు తూగుతుంది. 5 కిలోల ప్లేయర్ కింద అది చేరితే మొత్తం బరువు 3.7 రెట్లవుతుంది, అదే స్ప్రింగు మీద ఊగుడు వేగం దాదాపు సగానికి పడిపోతుంది. స్ప్రింగు ఆ బరువును మోయగలదో లేదో మాత్రం చూసుకోవాలి. గ్రానైటును బల్ల మీద ఉత్తినే పెడితే గంటలా మోగుతుంది, కింద మెత్తటిది ఉండాలి.

స్ప్రింగుల ఆలోచనను ప్లేయర్ లోపలికే తెచ్చినవాడు ఎడ్గర్ విల్చర్. ఆయన కంపెనీ ఎకౌస్టిక్ రీసెర్చ్ 1961లో తెచ్చిన ప్లేయర్‌లో తిరిగే పళ్లెం, టోన్‌ఆర్మ్ కలిసి ఒకే చట్రం మీద ఉండి, స్ప్రింగుల మీద వేలాడతాయి. మోటారు విడిగా పైపలకకు ఉంటుంది. అలాంటి ప్లేయర్ మీకు దొరికితే కింద మరో స్ప్రింగు వేయకండి, గట్టి అర ఒక్కటే చాలు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200ది వేరే దారి. 1979లో దాని రెండో రూపానికి బరువైన రబ్బరు అడుగు పెట్టి, హోరెత్తే డిస్కో హాళ్లకు తగినట్టు చేశారు.

స్పీకరు, ప్లేయర్ ఒకే బల్ల మీద ఉండకూడదు

అన్ని తప్పుల్లో ఎక్కువ కనిపించేది ఇదే. హాల్లో టీవీ యూనిట్ ఉంటుంది. నడుమ ప్లేయర్, అటూ ఇటూ స్పీకర్లు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. స్పీకరు నుంచి చెక్కలోకి, చెక్క నుంచి ముల్లులోకి, ముల్లు నుంచి మళ్లీ స్పీకరుకు ధ్వని చక్రం కడుతుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ ఒకచోట ఊళ మొదలై ఆగదు. ఊళ రాకముందే మృదంగం, తబలా ముద్దముద్దగా వినిపించడం కూడా దీని పనే. రికార్డు పాతదని దాన్ని నిందిస్తాం. స్పీకర్లకు వేరే స్టాండ్లు చేయించండి, ముందు ఈ ఒక్క పని చేయండి.

గాలి ద్వారా చేరే ధ్వనికి ఇంకో నియమం. 12 అడుగుల గదిలో ధ్వని రెండు గోడల మధ్య నిలబడిపోయే మొదటి వేగం సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగుల గదిలో 56. ఆ వేగాల దగ్గర ఒత్తిడి మూలల్లో అత్యధికం, ఆ గోడల మధ్య సగం దూరంలో అత్యల్పం. ఇక్కడే ఇంటి లెక్కకూ ధ్వని లెక్కకూ గొడవ. కట్టడం బలంగా ఉండేది మూలలో, పిల్లరు దగ్గర. మంద్రధ్వని మందంగా పేరుకునేది కూడా అదే మూలలో. నా సలహా పిల్లరుకు ఓటు వేయమనే, కానీ సరిగ్గా మూల వదిలి రెండు మూడడుగులు ఇవతలకు. స్పీకర్లు వేరే గోడ వైపు ఉండాలి.

హార్డ్ డిస్కు మీద అరిస్తే ఏమవుతుంది?

హైటెక్ సిటీలో సర్వర్లు చూసుకునేవాళ్లకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ 2008 చివర్లో, పనిచేస్తున్న డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచి, వాటి స్పందన ఆలస్యం కావడం తెర మీద చూపించాడు. తిరిగే పళ్లెం, దాని మీద చదివే తల, గాలిలో వచ్చే అరుపు. మన ప్లేయర్‌లో జరిగేదీ అదే.

గోడలో 230 వోల్టులు, ముల్లులో 0.005

కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం కదిలే రకం ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. పక్కన గోడలో నడిచే కరెంటు దానికి 46,000 రెట్లు. చుట్ట కదిలే రకమైతే చాలావాటిలో అర మిల్లీవోల్టు కూడా రాదు. అందుకే సన్నని సిగ్నల్ వైరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు పక్కపక్కనే జంటగా నడిస్తే 50 హెర్ట్జ్ గుంయ్‌మనే ధ్వని ఎక్కుతుంది. ఆర్ఐఏఏ దాన్ని 7 రెట్లు చేస్తుందని పైన చూశాం. రెండు వైర్లు దాటుకోక తప్పకపోతే కూడలిలా అడ్డంగా దాటించండి. ఇన్వర్టరు ఒక గజం దూరంలో ఉన్నా దాని ట్రాన్స్‌ఫార్మరు ముల్లుకు వినపడుతుంది, దాన్ని ఇంకో గోడకు పంపండి.

ప్లేయర్ వెనక సన్నని వైరు ఒకటి విడిగా వేలాడుతుంటుంది. అది ఎర్త్ వైరు. ఆంప్లిఫయర్ మీద ఉన్న మరకు దాన్ని బిగించాలి, స్విచ్‌బోర్డుకు కాదు. బిగించాక కూడా మోత ఉంటే, ప్లేయర్, ఆంప్లిఫయర్ రెండింటినీ ఒకే బోర్డు నుంచి తీసుకుని చూడండి. మూడో పిన్ను విరిచేయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం, ఆ పని ఎప్పుడూ వద్దు.

వైరు పొడవు పాట రంగు మారుస్తుంది

ఇది చాలామంది నమ్మరు. కానీ లెక్క సులభం. అయస్కాంతం కదిలే కార్ట్రిడ్జ్‌లో ఉన్న చుట్టకు ఇండక్టెన్స్ ఉంది, వైరుకు కెపాసిటెన్స్ ఉంది. రెండూ కలిసి ఒక వేగం దగ్గర ధ్వనిని ఎత్తి, దాని తర్వాత దించేస్తాయి. మామూలు రకం కార్ట్రిడ్జ్ చుట్టను 550 మిల్లీహెన్రీలు అనుకుందాం. వైరు, ఆంప్లిఫయర్ ముఖద్వారం కలిపి 200 పికోఫారడ్లు ఉంటే ఆ మలుపు 15,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. చెవికి దాదాపు తెలియదు. అదే 600 అయితే మలుపు 8,800కు దిగుతుంది. మంజీరాలు, తంబుర జీవ, స, శ అక్షరాలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. గొంతులో స కరకరమంటుంది, దానిపైన గాలి ఆడనట్టుంటుంది.

మామూలు వైరు మీటరుకు 100 పికోఫారడ్లు ఇటూ అటూ. ప్లేయర్ హాలుకు ఒక చివర, ఆంప్లిఫయర్ ఇంకో చివర పెట్టి నాలుగు మీటర్ల వైరు లాగితే వైరుకే 400, ఆంప్లిఫయర్‌ది కలిస్తే 500, 600 ఇట్టే అవుతాయి. చాలా కార్ట్రిడ్జ్‌లకు తయారీదారులు చెప్పేది 100 నుంచి 300 మధ్యే. కాబట్టి ఈ వైరు ఒక మీటరు దాటకూడదు, కుడి ఎడమలు సమానంగా ఉండాలి. మిగిలిన వైరును చుట్టగా చుట్టి వెనక పడేస్తే ఆ కెపాసిటెన్స్ ఎటూ పోదు. కోఠి గుజరాతీ గల్లీలో కావలసిన పొడవుకు షీల్డ్ వైరు కోసి, పిన్నులు టాంకం పెట్టి ఇస్తారు. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటరు ఉంటే అక్కడే చూసుకోండి, ఒక కొస వదులుగా ఉంచి మధ్య పిన్నుకీ బయటి రింగుకీ పట్టాలి.

మరి పొడవు ఎక్కడ పెట్టాలి?

ఫోనో ప్రీఆంప్లిఫయర్ అనే చిన్న డబ్బాను ప్లేయర్ పక్కనే పెట్టండి. అది సిగ్నల్‌ను 100 రెట్లు పెంచుతుంది. అక్కడి నుంచి అయిదు మీటర్ల వైరు లాగినా, ఆ వైరు వల్ల వచ్చే కోత మూడు లక్షల హెర్ట్జ్ పైన ఉంటుంది, మనకు పట్టదు. ఈమధ్య వచ్చే చాలా ప్లేయర్లలో ఆ డబ్బా లోపలే ఉంటుంది, వెనక ఫోనో, లైన్ అని మీట ఉంటుంది. లైన్‌లో పెట్టి ఆంప్లిఫయర్‌లో ఫోనో రంధ్రంలో గుచ్చకండి, రెండుసార్లు పెరిగి మోత మోగుతుంది.

ఇంకా సుఖమైన దారి స్పీకరు వైరును పొడిగించడం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పది మీటర్లు లాగితే రాకపోకలు కలిపి నిరోధం 0.24 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరుకు అది 3 శాతం. అంతకన్నా దూరమైతే 2.5 వైరు తీసుకోండి, ఇంటి వైరింగుకు వాడేదే.

స్పీకరు వైర్లు రెండూ ఒకే పొడవు ఉండాలని దుకాణాల్లో చెబుతారు. అక్కర్లేదు. 5 మీటర్ల తేడాకు సిగ్నల్ ఆలస్యం 25 నానోసెకన్లు. మీరు కుర్చీలో తల ఒక సెంటీమీటరు ఇటు వాల్చితే ధ్వనిలో వచ్చే తేడా 29 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి రెట్లకు పైన. దగ్గరి స్పీకరుకు చిన్న వైరు, దూరపు దానికి పెద్ద వైరు వేసి డబ్బు మిగుల్చుకోండి.

పడమటి గోడ, రసమట్టం

ఎల్పీ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ తగిలే కిటికీ పక్క గోడ ఎంత గట్టిదైనా వద్దు. పెట్టే పలక సమంగా ఉందో లేదో మేస్త్రీ రసమట్టంతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చూడండి. వాలు ఉంటే ముల్లు గాడి ఒక గోడనే ఎక్కువ రాస్తుంది.

జేబులో ఉన్న భూకంప లేఖిని

చోటు ఎంచుకునే ముందు ఫోనుతో కొలవచ్చు. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఉచితంగా విడుదల చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఫోనులోని త్వరణ సూచిని వాడి, కంపనం ఏ హెర్ట్జ్ దగ్గర ఎంతుందో గీత గీసి చూపిస్తుంది. అనుకున్న అర మీద ఫోను పడుకోబెట్టి, ఇంట్లో ఒకరిని నడవమనండి, వాషింగ్ మెషిన్ పిండే దశలో ఒకసారి, మోటారు వేసినప్పుడు ఒకసారి, రైలు వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి. తర్వాత అదే పని నేల మీద, టీవీ యూనిట్ మీద చేయండి. ఫోను పట్టుకోలేని సన్నని కదలికలకు ముల్లే సాధనం. పళ్లెం తిప్పకుండా రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, అరను వేలి కణుపుతో తట్టి వినండి. ధన్‌మని మోగితే ఆ చోటు పనికిరాదు. పొడిగా టక్‌మని ఆగితే ప్లేయర్ అక్కడ పెట్టుకోవచ్చు. 20 హెర్ట్జ్ దగ్గర ఎత్తైన గీత కనిపిస్తే ప్లేయర్‌ను కదిలించే ముందు వాషింగ్ మెషిన్ నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనుతున్నాయో లేదో చూసి మరలు తిప్పండి. చాలా ఇళ్లలో గొడవ అక్కడే సగం తగ్గుతుంది.